మీసాల చేపలకి కొత్త నీరు

క్యాంపు నుంచి ఇంటికొచ్చిన ఏ మగాడైనా ముందు కాళ్ళు కడుక్కుంటాడు, లేదా కాఫీ అడుగుతాడు. యేసుకుమార్ మాత్రం భుజాన ఉన్న సంచీ కూడా దించకుండా ముందుగదిలోకి వెళ్ళి చేపల్ని పలకరించేవాడు. పటమటలో ఆ ఇంట్లోకి వచ్చిన పదకొండేళ్ళుగా ఇదే వరస. హెప్సిబాకీ అలవాటైపోయింది. భర్త చేపల దగ్గర్నుంచి లేచిన చప్పుడు వినపడ్డాకే ఆవిడ కాఫీ కలిపేది.

2002 జూన్‌లో ఆ సోమవారం పొద్దున కూడా అలాగే జరిగింది. కాలవలకి నీళ్ళు వదిలే ముందు పనుల కోసం ఆఫీసు వాళ్ళు అతన్ని పదిరోజులు అవనిగడ్డ పంపారు. అతను డ్రాఫ్ట్స్‌మన్. కాలవలకీ, లాకులకీ ప్లాన్లు గీయడం ఉద్యోగం, చేపల్ని పెంచడం ప్రాణం. ముందుగదిలో నాలుగు ట్యాంకులు. వాటిలో రెండు కోరీలవి. కోరీలంటే వేలెడంత మీసాల చేపలు. ఎప్పుడూ అడుగునే ఇసుకలో ముక్కు పెట్టి వెతుక్కుంటూ ఉంటాయి. వాటి చేత పిల్లలు పెట్టించాలని యేసుకుమార్ ఆరేళ్ళుగా పడని పాట్లు లేవు. పెద్దవి మగవని, చిన్నవి ఆడవని తేల్చుకుని, రెంటినీ వేరువేరు ట్యాంకుల్లో పెంచాడు. తిండి పెట్టి, బలపరిచి, నెలకోసారి కలిపేవాడు. నాలుగు రోజులు చూసి, ఏమీ జరక్కపోతే విడదీసేవాడు. ఏది మగదో ఏది ఆడదో బాణం గుర్తులు వేసి గీసిన బొమ్మ ఒకటి ఫ్రేము కట్టించి గోడకి తగిలించాడు కూడా. విజయవాడలో చేపలు పెంచేవాళ్ళకి ఆ బొమ్మంటే గౌరవం.

అలాంటిది, ఆ రోజు చూస్తే రెండో ట్యాంకు ఖాళీ.

"హెప్సీ! ఇందులో చేపలేవి?"

"అన్నిటినీ మొదటిదాంట్లో వేశానండీ," అంటూ వంటింట్లోంచి గబగబా వచ్చింది హెప్సిబా. మొహం వెలిగిపోతోంది. "ముందు ఆ టబ్బులోకి చూడండి."

స్టూలు మీద తెల్ల ప్లాస్టిక్ టబ్బు. అందులో గాలిగొట్టం బుడబుడమంటోంది. యేసుకుమార్ వంగి చూశాడు. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత అడుగున రాలిన రెప్పవెంట్రుకల్లాంటివి కదిలాయి. ఒకటి కాదు, రెండు కాదు.

"అరవై మూడు," అంది వెనక నుంచి కూతురు మార్త. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. "రెండుసార్లు లెక్కపెట్టాను నాన్నా. అమ్మ పెట్టించింది!"

"నేనేం పెట్టించానే, అవే పెట్టాయి," అని నవ్వింది హెప్సిబా. "మంగళవారం మృగశిర వాన పడిందండీ. చల్లగా, ఎంత బాగుందో! మా నాన్న కైకలూరు చెరువుల మీద పనిచేసేటప్పుడు చూసేదాన్ని. కొత్త నీరు తగిలితే చాలు, జెల్లలు ఎదురెక్కి గుడ్లు పెట్టేసేవి. వీటివీ మీసాలే కదా అనిపించింది. చేపలన్నిటినీ కలిపి, సగం నీళ్ళు తోడేసి, డాబా మీద పట్టిన వాననీళ్ళు పంపునీళ్ళలో కలిపి పోశాను. బుధవారం పొద్దున లేచేసరికి అద్దం నిండా గుడ్లు! పెద్దవి తినేస్తాయని వేలితో తీసి ఈ టబ్బులోకి మార్చాను."

వేరే వాళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. యేసుకుమార్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళు! మద్రాసు నుంచి పుస్తకాలు తెప్పించుకున్నాడు. ట్యాంకులో నీరు ఎంత పాతదైతే చేపకి అంత మంచిదని, డ్రమ్ములో మూడురోజులు నిలవబెట్టిన నీళ్ళు తప్ప చుక్క పోయలేదు. తను ఇంట్లో లేని పదిరోజుల్లో, అదీ ఓ బకెట్టు వాననీళ్ళతో!

"వాననీళ్ళు పోశావా? చేపలు చచ్చిపోతే ఎవరిది బాధ్యత?" అన్నాడు.

హెప్సిబా నవ్వు సగంలో ఆగిపోయింది. "చావలేదుగా అండీ," అని మెల్లగా అనేసి కాఫీ కలపడానికి వెళ్ళిపోయింది.

తర్వాత నాలుగు రోజులూ యేసుకుమార్ ఆ టబ్బు పక్కకి వెళ్ళలేదు కానీ, కళ్ళు మాత్రం అటే ఉన్నాయి. హెప్సిబా పొద్దునా సాయంత్రం ఉడికించిన గుడ్డులోని పచ్చసొన చిటికెడు తీసి, పాత వోణీ గుడ్డలో కట్టి, నీళ్ళలో ఒక్కసారి పిండేది. అరగంట ఆగి, మిగిలిన నలకల్ని సన్నగొట్టంతో లాగేసేది. తీసిన నీళ్ళ బదులు గ్లాసుతో మంచినీళ్ళు అంచునుంచి జార్చేది. ఏ పుస్తకంలో చదివిందని? ఏ పుస్తకంలోనూ చదవలేదు. అదే అతనికి మరీ మంటగా ఉంది.

గురువారం వసీం ఫోన్ చేశాడు. వసీంకి బీసెంట్ రోడ్డు పక్క సందులో చేపల కొట్టుంది. మద్రాసు నుంచి కొత్త చేప దిగితే ముందు యేసుకుమార్‌కే చెబుతాడు.

"సార్, కోరీలు పిల్లలు పెట్టాయంటగా! మార్త పాప మా చెల్లెలితో చెప్పిందంట. నిజమేనా?"

"నిజమే వసీం," అన్నాడు యేసుకుమార్. ఆ తర్వాత మాట అతని నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు. "ఇన్నాళ్ళకి నా పద్ధతి ఫలించింది."

నాలుగడుగుల దూరంలో హెప్సిబా ఆరిన బట్టలు మడతపెడుతోంది. తలెత్తి ఒక్కసారి చూసింది. మళ్ళీ చొక్కా మడతపెట్టుకుంది. ఆమె ఏమైనా అని ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వసీం, భవానీపురం నుంచి సంజీవరావు గుమ్మంలో ఉన్నారు. సంజీవరావు బ్యాంకు ఉద్యోగి. గోల్డ్ ఫిష్ పెంచుతాడు, ప్రతిదీ గుచ్చిగుచ్చి అడుగుతాడు. ఇద్దరూ టబ్బు చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు. యేసుకుమార్ కుర్చీలో వెనక్కి వాలి, మేత గురించీ ఓపిక గురించీ చెప్పడం మొదలుపెట్టాడు.

"గుడ్లు ఎన్నో రోజున పగిలాయి సార్?" అన్నాడు సంజీవరావు.

"రెండో రోజున."

"అంత తొందరగానా? మరి కొన్ని తెల్లబడతాయంటారు. వాటినేం చేశారు?"

యేసుకుమార్ కుర్చీలో ముందుకి జరిగాడు. "తెల్లబడినవి... వాటంతటవే పోయాయి."

అప్పుడే టీ ట్రేతో హెప్సిబా వచ్చింది. ఆమె పక్కనే బిస్కెట్ల పళ్ళెంతో మార్త. పదహారేళ్ళ పిల్లకి నోరు ఆపుకోవడం ఎక్కడ తెలుస్తుంది?

"నాన్న అప్పుడు క్యాంపులో ఉన్నారంకుల్. నాలుగో రోజున పగిలాయి. తెల్లవి మిగతావాటికి అంటుకుంటాయని అమ్మే ఏరేసింది. అంతా అమ్మే చేసింది."

వసీం ముందు తేరుకున్నాడు. "మీరా వదినగారూ? మాకు చెప్పాలి కదండీ!"

ఇక అరగంట సేపు ఇంట్లో యేసుకుమార్ లేనట్టే. అడిగినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ట్రే చేతిలో పట్టుకుని నిలబడే హెప్సిబా ఒక్కోదానికీ జవాబు చెప్పింది. ఆడచేప గుడ్లని పొట్టకింద రెక్కల మధ్య పట్టుకొచ్చి అద్దానికి ఎలా అంటిస్తుందో చెప్పింది. అంటించే చోటు ముందు మూతితో ఎలా తుడుచుకుంటుందో చెప్పింది.

"ఆడది, మగది ఎలా పోల్చారమ్మా?" అన్నాడు సంజీవరావు.

"పైనుంచి చూడండన్నయ్యగారూ. వెడల్పుగా, పెద్దగా ఉన్నవి ఆడవి. సన్నగా ఉన్నవి మగవి."

సంజీవరావు గోడ మీద ఫ్రేము వంక చూశాడు. పెద్ద చేప మీద బాణం, పక్కన అందమైన అక్షరాల్లో 'మగ'. అతను ఆపుకుందామనుకున్నాడు కానీ ఆగలేదు, ఫక్కున నవ్వేశాడు. వసీం తల వంచుకుని టీ తాగాడు.

వాళ్ళు గేటు దాటారో లేదో యేసుకుమార్ తలుపు వేసేశాడు.

"తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి నా పరువు తీశారు. చాలా? తృప్తిగా ఉందా?"

"నేనేమన్నానండీ? అడిగితే చెప్పాను."

"ఆడవి పెద్దవని నీకు ముందే తెలుసు. నాకు చెప్పావా ఎప్పుడైనా?"

"రెండుసార్లు చెప్పాను. కూరొండుకునే చేపకీ పెంచుకునే చేపకీ తేడా తెలీదని నవ్వారు మీరు."

నిజమే, నవ్వాడు. అది గుర్తొచ్చి ఇంకా మండిపోయింది. "ఈ చేపలు నావి, ట్యాంకులు నావి. ఇవాళ్టి నుంచి ఆ టబ్బు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను."

"మీవేనండీ, ఎవరు కాదన్నారు? ఒక్కమాట వినండి. సొన ఎక్కువైతే నీళ్ళు..."

"నాకు చెప్పకు!"

హెప్సిబా చెప్పలేదు. సోమవారం యేసుకుమార్ ఆఫీసుకి సెలవు పెట్టి టబ్బు పక్కన కుర్చీ వేసుకున్నాడు. ఈ చిటికెడు తిండితో అరవై పిల్లలు ఎలా బతుకుతాయి, అందుకే ఇంత బక్కగా ఉన్నాయి అనుకున్నాడు. వారంలో రెట్టింపు చేసి చూపించాలనుకున్నాడు. పొద్దున చెంచాడు సొన వేశాడు. మధ్యాహ్నం ఇంకో చెంచా వేశాడు. నాలుగింటికి నీళ్ళు కుడితిలా తెల్లబడ్డాయి. పిల్లలు పైకి లేచి, గాలి కోసం నోళ్ళు తెరుస్తూ, మళ్ళీ కిందకి జారిపోతున్నాయి.

వంటింట్లో హెప్సిబా చింతపండు పిసుకుతున్న చప్పుడు వినబడుతోంది. పిలిస్తే చాలు. "హెప్సీ, ఒకసారి రా" అంటే పరుగెత్తుకొస్తుంది. అతను రెండుసార్లు నోరు తెరిచాడు. ఆమె వచ్చి బాగుచేస్తే, అవి మళ్ళీ ఆమె పిల్లలైపోతాయి. నోరు మూసుకుని, కాసిన్ని డ్రమ్ము నీళ్ళు పోసి, టబ్బు మీద తువ్వాలు కప్పేశాడు.

మంగళవారం పొద్దున తువ్వాలు తీసి చూస్తే అడుగున తెల్లటి మడ్డి. అందులో అరవై మూడూ కదలకుండా ఉన్నాయి.

చీపురు పట్టుకొచ్చిన హెప్సిబా కూడా చూసింది. అరవలేదు, ఏడవలేదు. చీపురు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది.

"నిన్న సాయంత్రమే తెలుసు కదండీ మీకు," అంది.

అతను తలూపాడు.

"ఎందుకు పిలవలేదు? పద్దెనిమిదేళ్ళుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ మిమ్మల్ని పొగుడుతుంటే, తడిసిన నేల తుడుచుకుంటూ మురిసిపోయాను. మా ఆయనకి ఎంత తెలుసో అని చుట్టాలందరికీ చెప్పుకున్నాను. నన్ను ఒక్కరోజు మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోయారా?"

యేసుకుమార్ ఆమె ఎదురుగా నేల మీదే కూలబడ్డాడు. ఏదో ఒక అబద్ధం చెప్పుకోవచ్చు, కానీ నోటికి నిజమే వచ్చింది.

"అదొక్కటే కాదు హెప్సీ. ఇందాక తువ్వాలు తీసి చూడగానే, బాధ కంటే ముందు 'హమ్మయ్య' అనిపించింది నాకు. చచ్చిపోయాయి, ఇక నిన్నెవరూ అడగరు అనిపించింది. ఇలాంటి మనిషినా నేను?"

అంటూనే అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. పెళ్ళయ్యాక హెప్సిబా అతని కన్నీళ్ళు చూడటం అదే మొదలు. అయినా ఓదార్చలేదు. ఎలా ఓదారుస్తుంది? టబ్బు తీసుకెళ్ళి పెరట్లో బాగా కడిగి బోర్లించింది. ఆ వారమంతా అన్నం వడ్డించింది, చొక్కాలు ఇస్త్రీ చేసింది, మాట్లాడలేదు. ముందుగదిలోకి తుడవడానికి తప్ప రాలేదు. కోరీల వైపు చూడను కూడా చూడలేదు. అతనికి అదే పెద్ద శిక్ష అయింది.

శనివారం అతనే వసీంకీ సంజీవరావుకీ ఫోన్ చేసి పిలిచాడు. పిల్లల్ని చూపిస్తాడనుకుని ఇద్దరూ ఆదివారం ఉత్సాహంగా వచ్చారు. ఖాళీ స్టూలు చూసి ఆగిపోయారు.

"పిల్లలేవి సార్?"

"చచ్చిపోయాయి వసీం. పుట్టించింది ఆవిడ. చంపింది నేను." యేసుకుమార్ ఇద్దరి మొహాల్లోకీ చూస్తూనే చెప్పాడు. "ఫోన్లో నా పద్ధతి అని చెప్పింది అబద్ధం. మీరంతా ఆవిణ్ణి మెచ్చుకుంటుంటే చూడలేక, ఆవిణ్ణి దగ్గరికి రానివ్వకుండా నేనే మేపి చంపేశాను. సంజీవరావు గారూ, ఆ రోజు మీరు నవ్వింది కరెక్టేనండి."

సంజీవరావు ఎటు చూడాలో తెలియక తన చేతివాచీ చూసుకున్నాడు. టీ తెచ్చిన హెప్సిబా గుమ్మంలోనే నిలబడిపోయింది. యేసుకుమార్ లేచి వెళ్ళి ఆమె చేతిలో ట్రే అందుకున్నాడు. తన కుర్చీ ట్యాంకు దగ్గరికి లాగాడు.

"నువ్వు కూర్చో. మళ్ళీ గుడ్లు పెట్టాలంటే ఏం చెయ్యాలో వీళ్ళకి చెప్పు. నేనూ తర్వాత అడిగి తెలుసుకుంటాను. ఈ టీ చాలదు, ఇంకాస్త పెట్టుకొస్తా."

"మీరు టీ పెడతారా?" వారం తర్వాత ఆమె నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

వంటింట్లో యేసుకుమార్ అగ్గిపెట్టె కోసమే అయిదు నిమిషాలు వెతికాడు. గిన్నె స్టవ్ మీద పెట్టేసరికి ముందుగదిలో హెప్సిబా గొంతు వినిపించింది. మొదట మెల్లగా, తర్వాత ధైర్యంగా. వసీం ఏదో అడిగాడు, ఆమె నవ్వింది, సంజీవరావు "భలే, భలే" అన్నాడు. యేసుకుమార్ గుండెలో మళ్ళీ చురుక్కుమంది. పోదు ఇది అంత తొందరగా, అనుకున్నాడు. అనుకుని, ఉన్నచోటే ఉండిపోయాడు.

"మరి ఇదంతా ఎవరు నేర్పారమ్మా మీకు?" సంజీవరావు గొంతు.

"కొత్త నీరు సంగతి మా నాన్న దగ్గర చూశానండీ," అంది హెప్సిబా. "కానీ మా నాన్నకి చేపంటే వల, తూకం, అంతే. గంటలకొద్దీ కూర్చుని దాన్ని చూడొచ్చని నాకు తెలిసింది పెళ్ళయ్యాకే. అద్దం మీద గుడ్లు అసలు నా కంట పడ్డాయంటే, చూడ్డం ఆయన దగ్గర నేర్చుకోబట్టేనండీ."

వంటింట్లో యేసుకుమార్ గట్టు పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళు నీళ్ళతో నిండి ఏమీ కనపడటం లేదు. పాలు పొంగి స్టవ్ మీద పడి చుయ్యిమన్నా కదల్లేదు.

"ఏవండీ, పాలు!" అని అరిచింది హెప్సిబా ముందుగదిలోంచి. కానీ కుర్చీలోంచి మాత్రం లేవలేదు.