గోళ్ల మీద తెల్ల చారలు

కుట్టుమిషన్ మీదే తల వాల్చి చనిపోయాడు టైలర్. సూది కింద గుడ్డ ఇంకా అలాగే ఉంది.

పోస్ట్‌మార్టం గదిలో డాక్టర్ అతని చెయ్యెత్తి చూపించింది. ప్రతి గోరు మీదా అడ్డంగా రెండు తెల్ల చారలు.

"ఆర్సెనిక్ విషం. ఒంట్లోకి వెళ్లినప్పుడల్లా గోరు మొదట్లో ఓ చార పడుతుంది. గోరుతో పాటే పైకి జరుగుతుంది. చెట్టు వలయాల్లాగే వీటినీ చూసి కాలం లెక్కగట్టొచ్చు. దాదాపు నెలకోసారి ఇచ్చారు. ఆఖరి డోసుకి చార పడేలోపే మనిషి పోయాడు."

ఇన్‌స్పెక్టర్ నేరుగా టైలర్ ఇంటికెళ్లాడు. ఉన్నది ఇద్దరే. భార్య. నెలకోసారి వచ్చిపోయే తల్లి.

"వండిపెట్టేది అదే. ఇంకెవర్ని అడుగుతారు?" అంది తల్లి, కోడలి వంక చూడకుండానే.

కోడలు గోడకి జారగిలబడి ఉంది. చిక్కి సగమైంది. ఇన్‌స్పెక్టర్ చూపు ఆమె వేళ్ల దగ్గర ఆగింది. గోళ్లకి ఎర్రరంగు. అంచుల్లో పెచ్చులూడుతోంది.

"ఆ రంగు తుడువమ్మా."

"ఇప్పుడా సార్?"

"ఇప్పుడే."

రిమూవర్, దూది తెచ్చి తుడిచింది. దూది ఎర్రబడింది. రంగు కింద అవే చారలు. అంతే ఎడంలో.



"నెలకోసారి మీరిద్దరూ ఏం తీసుకునేవాళ్లు?"

"అత్తయ్య తెచ్చే టానిక్ సార్. పిల్లలు పుట్టాలని నాకే ఇచ్చేది. ఒకటే చేదు. ఆవిడకి తెలీకుండా ఆయన సగం తాగేసేవారు. మొన్న నాకు వాంతులవుతున్నాయని మొత్తం ఆయనే తాగేశారు."

తల్లి మొదటిసారి కోడలి వంక చూసింది.

"వాడు తాగాడా?"

కోడలు తలూపింది.

"ఇది పోతే వాడు నా దగ్గరికొచ్చేస్తాడనుకున్నా సార్. వాడికెందుకిస్తాను? నా కడుపున పుట్టినవాడు!"

ఇన్‌స్పెక్టర్ బేడీలు తీశాడు. తొడుగుదామంటే ఆ తల్లి రెండు చేతులూ ఆయన చొక్కా పట్టుకుని వేలాడుతున్నాయి. విడిపించుకోవడానికి ఆయనకి చేతులు రాలేదు. ఇన్నేళ్ల సర్వీసులో కేసు తేలినందుకు ఇంత బాధపడింది లేదు.

"వాడికి చేదు పడదు సార్. చిన్నప్పుడు మందు పట్టాలంటే ముక్కు మూసేదాన్ని. ఎలా తాగాడో అడగండి. దాన్నడగండి."

కోడలు అత్తగారిని చూసింది.

"ముక్కు మూసుకునే తాగేవారత్తయ్యా."