మౌళి గది లైటు

ఫిల్మ్‌నగర్‌లో ఎడిటింగ్ స్టూడియో నడిపే శ్యామలాదేవి డిటెక్టివ్ రమామణి ఆఫీసుకు వచ్చి ముందు మంచినీళ్లు అడిగింది. తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"చనిపోయిన మా ఎడిటర్ మౌళి గదిలోంచి ఇంకా విడుదల కాని సినిమా బయటికి పోతోందండీ. గదికి తాళం వేసే ఉంది. అయినా స్విచ్ మీద ఆ గది లైటు వెలుగుతోంది. అందరం చూశాం."

గదుల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె ఆ స్విచ్.

"తాళంచెవి?"

"అతని భార్య భువన దగ్గర. మా దగ్గరే పనిచేస్తుంది. సాయంత్రానికల్లా ఆమె మీద కేసు పెట్టాలంటున్నారు నిర్మాత."

స్టూడియోలో భువన తాళం తీసి గడప దగ్గరే ఆగిపోయింది. కుర్చీ మీద, హెడ్‌ఫోన్ల మీద, నేల మీద దుమ్ము. అడుగుజాడల్లేవు. కంప్యూటర్ ప్లగ్గు పీకి ఉంది.

"ఏంది మేడమ్, దయ్యానికి కరెంటు గిట్ల అక్కర్లేదా?" అన్నాడు రమామణి అసిస్టెంట్ రవిచంద్ర. నవ్వబోయి మానేశాడు.

"ఈ గది కనెక్షన్ ఎందుకు తీయించలేదు?" అని అడిగింది రమామణి.

"సంవత్సరీకాలు అయ్యేదాకా అతనివేవీ ముట్టుకోవద్దని నేనే చెప్పాను" అంది శ్యామలాదేవి.

మేనేజర్ రిత్విక్ అన్నాడు: "లైటు వెలిగినప్పుడల్లా భయమేసి నేనే స్విచ్ ఆపి మళ్లీ వేశానండీ. అప్పటిదాకా నా సిస్టమ్ ముందే ఉన్నా. నెట్ ఒక్క క్షణం కూడా పోలేదు."

రమామణి స్విచ్‌లోకి వెళ్లి చూసింది. ఏ గది కనెక్షన్ ఎప్పుడు కలిసిందో, తెగిందో నమోదయ్యే లాగ్ ఆపినప్పుడల్లా చెరిగిపోయింది. సెట్టింగులు చెరగలేదు. వాటిలో బయటి సర్వర్ అడ్రసు ఒకటి ఉంది.

"అది షేక్‌పేటలో ఉందండీ. ఆయనే పెట్టారు" అంది భువన.

రమామణి అక్కడికి ఫోన్ చేసి కావలసింది తెప్పించుకుంది. అందరినీ ప్రివ్యూ హాల్లో కూర్చోబెట్టింది.

"ఈ స్విచ్ లాగ్‌లో ఏం నమోదైనా వెంటనే ఒక కాపీ ఆ సర్వర్‌కు పోతుంది. మౌళి పోయాక కూడా పోతూనే ఉంది. ఇక్కడ ఆపినా అక్కడ చెరగదు. ప్రతిసారీ ముందు ఒక గది కనెక్షన్ తెగింది. ఆ వెంటనే మౌళి గది కనెక్షన్ కలిసింది. తెగింది మీ గదిదే రిత్విక్. ఈ స్విచ్ దగ్గరే మీ కేబుల్ పీకి, మౌళి గది కేబుల్ ఉండే పోర్టులో పెట్టారు. సినిమా ఫైళ్లున్న చోటికి దారి ఆ పోర్టుకే ఉంది. గది తలుపు తెరిచే పనే లేదు. తర్వాత లాగ్ పోవాలని స్విచ్ ఆపారు."

"చచ్చినవాడి మీద ఎవరూ కేసు పెట్టరనుకున్నా" అన్నాడు రిత్విక్.

శ్యామలాదేవి లేచి భువన దగ్గరికి వెళ్లింది. "మనసులో పెట్టుకోకమ్మా."

"దయ్యం వచ్చిందంటే నమ్మారు మేడమ్. నేను తియ్యలేదంటే నమ్మలేదు."