విడుదల అనని లాయరు

ఒక ఫ్యాక్టరీని కొనబోయే కంపెనీ లెక్కలు తిరగేసిన ఆడిటర్ లిఫ్టులో శవమై దొరికాడు. గుండెపోటని పోలీసులు రాసుకున్నారు. మెడ మీద సూది గుచ్చిన గుర్తును లాయరు మాత్రం కళ్లారా చూశాడు.

కంపెనీల కొనుగోళ్లు, విలీనాల్లో ఆ లాయరును తలదన్నేవాడు నగరంలో లేడు. నిజానికి అది గూఢచారి శాఖ ఏరికోరి వేయించిన వేషం. వేస్తూ వేస్తూ అందులోనే ఆయన తల నెరిసింది, ఆ పని మీద మమకారమూ పుట్టింది. వేషమన్న సంగతి భార్యకు కూడా తెలియదు.

ఈసారి అమ్ముడుపోతున్నది రాడార్లు తయారుచేసే ఫ్యాక్టరీ, ఆయన అమ్మేవాళ్ల లాయరు. కొనేది పైకి పెట్టుబడి సంస్థ, లోపల శత్రుదేశపు గూఢచారుల ముఠా. ఆ గుట్టు శాఖకు చేరవేసింది కొనేవాళ్ల తరఫు లాయరమ్మే. ఖరీదైన సూటు, వేలికి పచ్చరాయి ఉంగరం, చూపు తిప్పుకోనివ్వని అందం. ముఠా జీతం తీసుకుంటూ శాఖకు పనిచేస్తోంది. శాఖలో ఆమెను పచ్చరాయి అనే పిలుస్తారు.

ఆ సాయంత్రం కాన్ఫరెన్స్ రూమ్‌కు చేరేసరికి సంతకాలన్నీ ముందే అయిపోయాయి. కానీ ఈ వృత్తిలో సంతకానికి ప్రాణం పోసేది లాయరు నోటిమాట. క్లయింట్లు ఫోన్‌లో వింటుండగా రెండు పక్షాల లాయర్లూ "విడుదల" అంటే చాలు, ఫ్యాక్టరీ చేతులు మారుతుంది, డ్రాయింగులు సరిహద్దు దాటిపోతాయి.

చెవిలోని గింజంత రిసీవర్‌లో శాఖ పెద్ద గొంతు వినిపించింది. అందరూ ఆయన్ని మాస్టారంటారు.

"అమ్మకాన్ని నిషేధించే ఆర్డర్ రేపు పొద్దున గానీ రాదు. ఈ పూటకి ఎలాగైనా ఆపు."

కొనేవాళ్లెవరో తెలుసంటే చాలు, అమ్మకం ఆగిపోతుంది. కానీ ఆడిటర్ పోయాక ఆ గుట్టు బయటపెట్టగలిగింది ఒక్క పచ్చరాయే. ఆ మాట అంటే ఆమె ప్రాణం పోతుంది. ఆమె కుర్చీ వెనకే ముఠా సెక్యూరిటీ ఆఫీసర్ నిలబడి ఉన్నాడు. జేబులోంచి చెయ్యి తీయడం లేదు.

"కొనేవారి తరఫున విడుదల," అంది పచ్చరాయి.

అందరూ లాయరు వైపు చూశారు.

"నేను విడుదల చెయ్యలేను."

ఆఫీసర్ ఒక అడుగు ముందుకు వేశాడు.

"తప్పు నాదే. ఈ పని ఒప్పుకునేటప్పుడు ఒక సంగతి దాచాను. ఈ ఫ్యాక్టరీకి పోటీగా ఉన్న కంపెనీకీ నేనే లాయర్ని. ఇక్కడి విషయాలన్నీ వాళ్లకి చెబుతూనే ఉన్నాను."

అందులో ఒక్క ముక్క నిజం లేదు. ఫోన్‌లో ఫ్యాక్టరీ యజమాని నోటికొచ్చినట్టు తిట్టిపోసి, వేరే లాయరును పెట్టుకునేదాకా అమ్మకం లేదని లైన్ కట్ చేశాడు. ఆఫీసర్ చెయ్యి ఖాళీగా బయటికొచ్చింది. పచ్చరాయి అసహ్యంగా చూసింది. నటనేనని తెలిసినా లాయరు మనసు చివుక్కుమంది.

పొద్దున్నే ఆర్డర్ వచ్చింది. పోటీ కంపెనీయే ఫిర్యాదు చేసి ఉంటుందని ముఠా పళ్లు నూరుకుంది. పచ్చరాయి మీద ఎవరి కన్నూ పడలేదు. లాయరుకు మాత్రం లైసెన్సు పోయింది.

"నిజంగానే అంత పని చేశారా?" అని అడిగింది భార్య.

గుమ్మం దగ్గర నేమ్‌ప్లేటు మరలు విప్పుతూ ఆయన అవునన్నాడు. ఆమె లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

చెవిలో మాస్టారు మెచ్చుకున్నాడు. "వేషం పోతే పోయిందిలే. ఇంకోటి వెతుకుదాం."

"వెతకండి," అన్నాడు లాయరు. "ఈసారి నాకు నచ్చని పనే చూడండి."