మణిమాల చేతి పచ్చబొట్టు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాది మొదట్నించీ దురుసు నోరు. నూకమ్మ నోటికి గేటు లేదని ఖుర్సీపార్‌లో మా క్వార్టర్ల లైనంతా అనేవారు. ఆ నోరే నా పిల్లని తినేసింది.

డెబ్బై ఎనిమిది, మే నెల. మా ఆయన ఉక్కు ప్లాంటుకి డ్యూటీకెళ్ళాడు. ఎండ మండిపోతోంది. కుమ్హారి వైపు పల్లె నుంచి పచ్చబొట్లు పొడిచే ముసలమ్మ వచ్చింది. దీపం మసి, సూదులు చూసి నా ఏడేళ్ళ మణిమాల నాకూ కావాలని ఒకటే గోల.

"ఏ ఇంటి గుర్తు వెయ్యను?" అంది ముసలమ్మ హిందీలో. వాళ్ళలో ఇంటికో గుర్తట. చచ్చాక నగలు ఇక్కడే ఉండిపోతాయి, గోద్నా, అదే పచ్చబొట్టు, ఒక్కటే తోడొస్తుందట. అది చూసే అవతలున్న పెద్దలు తమ పిల్లని పోల్చుకుంటారట.

"కుఛ్ భీ, ఏదో ఒకటి పొడిచెయ్ దాయీ! మాకీ పట్టింపులేటీ లేవు," అన్నాను.

ముసలమ్మ నన్ను అదోలా చూసింది. "అయితే మా ఇంటిది వేస్తాను. కలరాకి అందరూ పోయారు. వేసుకునే ఆడపిల్ల లేదు," అని కళ్ళు తుడుచుకుంటూ పొడిచింది. తొమ్మిది చుక్కలు, చుట్టూ ఒక గీత.

మూడో రోజుకి జ్వరం. ఏ మందుకీ దిగలేదు.

ఆరో రోజు సందెవేళ... తడిమట్టి వాసన. వాన లేదు. వాకిట్లో ఆడవాళ్ళు నిలబడున్నారు. ఏడెనిమిది మంది. మొహాలు ఆనలేదు. చేతుల మీద చుక్కలు మాత్రం కనిపించాయి. తొమ్మిదేసి...

"నోనీ..." పిల్లా, అని ఎవరో గుసగుసగా పిలిచారు.

తల ఎత్తలేని నా పిల్ల లేచి నడిచింది.

"ఒలమ్మో, ఎక్కడికే!" చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది. వాళ్ళ ముందు సాగిలపడ్డాను. "నా పిల్లని వదిలెయ్యండమ్మా... లేదంటే నన్నూ తీసుకుపోండి..."

మణిమాల చుక్కల్లేని నా చెయ్యి తిప్పి చూసింది.

"ఏ హమర్ నోహయ్," అంది వాళ్ళతో. ఈమె మన మనిషి కాదు, అని.

వాకిలి ఖాళీ. లోపలికి పరిగెత్తాను. మణిమాల మంచం మీదే ఉంది... ఊపిరి లేదు.

ముసలమ్మని వెతికి పట్టుకుని, అదే గుర్తు నాకూ పొడవమని కాళ్ళమీద పడ్డాను. పాపం, ఏడుస్తూనే పొడిచింది. తొమ్మిది చోట్లా రక్తమొచ్చింది. మసి అంటలేదు. ఏడాదికోసారి పొడిపించుకుంటూనే ఉన్నాను, ఎనిమిదేళ్ళుగా.

ఇదిగో చెయ్యి. ఒక్క చుక్కయినా కనిపిస్తోందా, చెప్పండి.