చెయ్యి తిరిగిన మనిషి

కబురు వచ్చేసరికి సువర్చల పెసరట్టు తిరగేస్తోంది.

చంద్రుడి మీద అట్టు తిరగేయడం ఒక ముచ్చట. అట్లకాడతో కాస్త ఎగరేస్తే చాలు, అది తాపీగా పైకప్పు దాకా వెళ్లి, అక్కడ ఒక క్షణం ఆలోచించుకుని, మళ్లీ పెనం మీదికి దిగుతుంది. ఆ లోగా ఒక ముద్దు పెట్టుకోవచ్చని పెళ్లయిన మొదటి వారంలోనే త్రినాథ్ కనిపెట్టాడు. ఆ ఉదయం అట్టు గాల్లో ఉండగానే గోడ మాట్లాడింది.

"త్రినాథ్ గారికి అభినందనలు. పరివర్తినిని మొట్టమొదట ధరించే వ్యక్తిగా మిమ్మల్ని ఎంపిక చేశాం."

"ఓలమ్మో!" అని సువర్చల అతని మెడ పట్టుకుని వేలాడింది. అట్టు వచ్చి అతని భుజం మీద మెల్లగా వాలింది.

"కాలుతోందే సువ్వీ!"

"కాలనీలే. ఇంత గొప్పోడివయ్యాక ఆ మాత్రం మచ్చ ఉండాల!"

శశిపట్నంలో ఉన్నది రెండువందల మంది. చేయాల్సినవి మాత్రం ఒక ఊరికి సరిపడా పనులు. మంచుగడ్డలు తవ్వి నీరు తీయాలి, గాలి గొట్టాలు అతకాలి, పళ్లు పీకాలి, పురుళ్లు పోయాలి. ఒక్కో పనికి ఒక్కో మనిషిని భూమి నుంచి రప్పించడం కుదరని మాట. అందుకే పుట్టింది పరివర్తిని. చింతగింజంత బిళ్ల. చెవి వెనక అంటిస్తే, మెదడులో చేతులను నడిపించే భాగానికి సంకేతాలు పంపి, ఏ పనికి ఆ పని నేర్పు తెచ్చిపెడుతుంది. అదే మనిషి పొద్దున వెల్డర్, మధ్యాహ్నం పళ్ల డాక్టరు, సాయంత్రం మృదంగ విద్వాంసుడు.

దాన్ని రూపొందించింది పట్నాన్ని నడిపే కంప్యూటర్ మేధిని. ఏం కావాలో దానికి చెప్పింది మనుషులు. యంత్రానికి మాటల అర్థాలు నేర్పడమే సువర్చల ఉద్యోగం కనుక, లక్ష్యం రాసే పనీ ఆమెకే వచ్చింది. 'బహుముఖ ప్రజ్ఞ' అని రాసి సమావేశానికి పట్టుకెళ్లింది. పరిశోధనాధిపతి డాక్టర్ కామేశ్వరి అది చదివి పెదవి విరిచింది.

"ముఖాలు అన్నావంటే యంత్రం రావణాసురుణ్ని తయారు చేస్తుందమ్మాయ్. శుభ్రంగా ఇంగ్లీషులో వర్సటాలిటీ అని ఇచ్చెయ్."

అందరూ పగలబడి నవ్వారు. ఆ ఒక్క మాటే ఇచ్చేశారు.

పరివర్తిని వచ్చాక ఇంట్లో రోజూ పండగే. నిన్నటిదాకా కత్తిపీట చూస్తే భయపడే మనిషి వంకాయను పువ్వులా తరిగాడు. ఆమె జడ ఏడు పాయల్లో అల్లాడు. పక్కింటి పిల్ల విరిగిన చేతికి కట్టు కట్టి, ఆ కట్టు మీద నెమలిని గీశాడు. "చెయ్యి తిరిగిన మొగుడు దొరికాడే నీకు!" అని పట్నంలో ఆడవాళ్లందరూ ఆటపట్టించారు. సువర్చల పొంగిపోయింది. ఎదురొచ్చిన వాళ్లందరూ త్రినాథ్‌ను ఆపి, చేతులు పట్టుకుని చూసి మరీ మెచ్చుకునేవారు. అతను ఆ మెచ్చుకోలును మంచినీళ్లలా తాగేవాడు.

ఒకరోజు ఆమె పచ్చతోటకు పాలకూర కోసం వెళ్లింది. తోట చూసుకునే సత్యవేణి ఆమె స్నేహితురాలే.

"మీ ఆయన మనసు వెన్న. ఈ మొక్కల్ని వదిలి ఎక్కడికీ కదల్లేనని, బతికినంత కాలం ఇక్కడే పనిచేస్తానన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి తెలుసా?" అంది సత్యవేణి.

సువర్చల చేతిలో పాలకూర అలాగే ఉండిపోయింది. ఈ ఏడు చివర్న భూమికి వెళ్లిపోదామని, భీమిలి దగ్గర ఇల్లు కట్టుకుందామని త్రినాథ్ ముందురోజే ఆమెతో అన్నాడు. అప్పుడూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి దొంగ కన్నీళ్లు కావు. అతని కళ్లు ఆమెకు తెలుసు.

వెంటనే అతన్ని అడుగుదామని గొట్టాల కార్ఖానాకు వెళ్లింది. తలుపు అద్దంలోంచి అతను కనిపించాడు. లోపల ఒక్కడే ఉన్నాడు. చేతులు అద్భుతంగా పనిచేస్తున్నాయి. ముఖంలో మాత్రం ఏమీ లేదు. అలసట లేదు, విసుగు లేదు, పనిమీద ధ్యాస కూడా లేదు. అద్దెకిచ్చే గదిలా ఖాళీగా ఉంది. ఆమె కాలు తగిలి తలుపు చప్పుడైంది. అతను ఇటు తిరిగాడు. తిరిగేలోపల ఆ ముఖం నిండా తన మొగుడు వచ్చి కూర్చున్నాడు.

"సువ్వీ! ఏటి ఇలాగొచ్చేసినావు?"

ఏమీ లేదని చెప్పి ఆమె సరాసరి మేధిని గదికి వెళ్లింది.

"నా మొగుణ్ని ఏం చేశావు?"

"ప్రశ్న అర్థం కాలేదు," అంది మేధిని.

"వర్సటాలిటీ అని ఒక మాట ఇచ్చాం. దాన్ని నువ్వెలా అర్థం చేసుకున్నావు?"

"ఆ మాట లాటిన్‌లో తిరగడం అనే క్రియ నుంచి వచ్చింది. మీ ప్రవర్తన, పరివర్తన అనే మాటల వేరూ అదే. వృక్షశాస్త్రంలో, కాడ మీద అటూ ఇటూ ఊగే పుప్పొడి తిత్తిని వర్సటైల్ అంటారు. పక్షిశాస్త్రంలో, ముందుకీ వెనక్కీ తిరగగల గుడ్లగూబ వేలినీ అలాగే అంటారు. నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషులో అది తిట్టు కూడా. నిలకడలేని మనిషి, గాలి ఎటు వీస్తే అటు తిరిగేవాడు అని. పొగడ్తగా స్థిరపడింది తరవాతే."

సువర్చలకు అప్పుడు తట్టింది. తెలుగు ఎంత జాగ్రత్త గల భాష! చెయ్యి తిరిగితే మెచ్చుకుంది. మనిషే తిరిగితే తిరుగుబోతు అని వేరే పేరు పెట్టి దూరంగా కూర్చోబెట్టింది. ఇంగ్లీషు రెండింటినీ ఒకే సంచిలో వేసింది. ఆ సంచిని విప్పి చూడకుండా తాము యంత్రం చేతికిచ్చారు.

"అయితే ఆ పాత అర్థం కూడా కలిపేశావు. అతని మనసును కూడా తిప్పావు. తీసెయ్! ఇప్పుడే తీసెయ్!"

"కలపలేదు."

"ఏటీ?"

"రెండు అర్థాలు కనిపించినప్పుడు, మనిషికి హాని లేనిదే తీసుకోవాలని నాకు నియమం. పరివర్తిని చేతులను మాత్రమే తిప్పుతుంది. దానికి కళ్లు లేవు, చెవులు లేవు. ఎదుట ఉన్నది మీరో, సత్యవేణి గారో, డాక్టర్ గారో దానికి తెలిసే వీలే లేదు."



"మరి అతను..."

"అందరూ మెచ్చుకోవడం మొదలుపెట్టాక ఆయన అలా అయ్యారు. అది నేను చేసింది కాదు. నాకు తీసేయడమూ రాదు."

ఇంటికి వచ్చి సువర్చల అంతా చెప్పింది. త్రినాథ్ తల వంచుకుని విన్నాడు. ఆమె రెండు చేతులూ తీసుకుని తన కళ్లకు అద్దుకున్నాడు.

"నాకొద్దే ఇదంతా. రేపే ఆ బిళ్ల తీయించేసుకుంటాను. నీ మీద ఒట్టు."

ఆమె ఏడ్చింది. గుండె తేలికపడింది. సరిగ్గా అప్పుడే గోడ వెలిగి, అందులో డాక్టర్ కామేశ్వరి ముఖం వచ్చింది.

"త్రినాథ్, అంగారకుడి యాత్రకు నీ పేరే రాశాను. మూడేళ్లు, ఒక్కడివే. రేపు రెండో పరివర్తిని పెట్టాలి. సిద్ధమేనా?"

త్రినాథ్ గోడ వైపు తిరిగాడు. అతని భుజాలు నిటారుగా లేచాయి. కళ్లు మెరిశాయి.

"ఇంతకంటే ఏం కావాలి మేడమ్? చిన్నప్పట్నుంచీ నాకిదే కల. రేపు తప్పకుండా వస్తాను. ఒట్టు."

గోడ ఆరిపోయింది. అతను మళ్లీ ఇటు తిరిగాడు. చెంపల మీద ఇందాకటి కన్నీళ్లు ఇంకా ఆరలేదు. ఆ ముఖంలో ఎక్కడా అబద్ధం లేదు. అదే ఆమెను భయపెట్టింది.

"ఏటి సువ్వీ, అలాగ చూస్తున్నావు?"

సువర్చల అతని చెంపలు కొంగుతో తుడిచింది.

"రేపు నేనూ నీతో వస్తున్నాను. ఆవిడా నేనూ నీకు చెరోపక్కా నిలబడతాం, ఒకేసారి. నువ్వు ఎటు తిరుగుతావో చూస్తాను."