అందినది, సంతకం

అరవై వేలు, ఒక పాత కోతమిషను. అట్టపెట్టెల కార్ఖానా మొదలుపెట్టిన నాడు అతని దగ్గరున్నవి అవే. మూడేళ్లు తిరిగేసరికి ముప్ఫై ఒక్కమంది పనివాళ్లు. ఎంత పెద్ద లెక్కయినా కాగితం లేకుండా నోటికే తేల్చేసేవాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఏ లెక్కా తెగడం లేదు. బయట వాన. కరెంటు లేదు. ఆఫీసు గదిలో ఫోను వెలుతురులో కాగితాల కట్టలు విప్పి, విసిరి, మళ్లీ విప్పుతున్నాడు. వెనక గోడౌన్లో ఫోర్‌మను, కొత్తగా చేరిన అమ్మాయి సరుకు లెక్క చూస్తున్నారు. సెలవు రోజైనా రమ్మని చెప్పింది తనే.

"ఆ ఉత్తరం దొరికిందిట్రా?" ఫోన్లో వకీలు మావయ్య.

"లేదు మావయ్యా. తల పగిలిపోతోంది."

"ఆ ఫిర్యాదు నీకు అందినట్టు రుజువు లేకపోతే సరే. తెలిసి ఊరుకున్నావని తేలిందో, ఫోర్‌మనుతో పాటు యజమానిగా నువ్వూ బాధ్యుడివే. కొంపదీసి సంతకం గానీ పెట్టావా? టీ బిల్లు మీద కూడా ‘అందినది’ అని రాసే రకానివి!"

అతను ఫోను కట్ చేశాడు. సంతకం పెట్టాడు.

జిగురు పూసే ఆమె మూడుసార్లు వచ్చి ఈ గుమ్మంలోనే నిలబడింది. ఫోర్‌మను గోడౌన్లో ఒంటిమీద చేతులేస్తున్నాడని మూడోసారి రాసి కూడా ఇచ్చింది. మూడుసార్లూ "ఈ ఆర్డరు పోనీ, చూద్దాం" అన్నాడు. ఆ మిషన్లు ఫోర్‌మనుకి తప్ప ఎవరికీ లొంగవు మరి. ఆమె పని మానేసింది. ఆ నెలలోనే జ్వరంతో పోయింది. ఇప్పుడు ఆమె అక్క నోటీసు పంపింది. ఛీ... అప్పుడే తేల్చేసి ఉంటే పోయేది!

కట్ట అడుగున ఉత్తరం దొరికింది. నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

అప్పుడు వచ్చింది వాసన. పచ్చి జిగురు వాసన. రెండు రోజులుగా జిగురు కలిపినవాళ్లే లేరు...

బల్ల పక్కనున్న పెట్టె మూత తీశాడు. అడుగున తడితడిగా అతికించిన ఉత్తరం. అదే రాత. ‘అందినది’. తన సంతకం. పీకి పారేసి రెండో పెట్టె తెరిచాడు. అందులోనూ. మూడోది... నాలుగోది... వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి.

"ఏం కావాలి నీకు?" గుసగుసగా అడిగాడు. "పోయాక కూడా విసిగించాలా?"

చెవి పక్కనే, అలసిపోయిన గొంతు.

"చూద్దాం అన్నారు కదండీ..."

గిరుక్కున తిరిగాడు. ఎవరూ లేరు.

చేతిలోని పెట్టెలో రాత మారిపోయింది. గుండ్రటి అక్షరాలు. కొత్త అమ్మాయివి. రోజూ హాజరు పుస్తకంలో చూసేవే. ‘ఈ ఆదివారం నాలుగు గంటలకు ఫోర్‌మను గోడౌన్ షట్టరు దించేసి...’ ఆపైన చదవలేకపోయాడు. కింద ‘అందినది’. సంతకం చోటు ఖాళీ.

గడియారం చూశాడు. నాలుగుకి రెండు నిమిషాలు.

మావయ్య ఫోను మళ్లీ మోగింది. ఎత్తలేదు. వానలోకి పరిగెత్తాడు.

గోడౌన్ షట్టరు దించేసి ఉంది. తుప్పు పట్టిన షట్టరు. ఇద్దరు మగాళ్లు పడితే గానీ లేవదు. వంగి, ఒక్కడే అంచు పట్టుకున్నాడు. పక్కన ఎవరూ లేరు.

షట్టరు కాగితంలా లేచింది.

అతను చీకట్లోకి అడుగు వేశాడు...