తొమ్మిదో నిమిషం

విశాఖపట్నంలో ఆ డ్రాఫ్ట్స్‌మన్‌ని చంపినవాళ్లు అతని వాచీ ముట్టుకోలేదు, పర్సూ ముట్టుకోలేదు. బూటు మడమ కోసి, లోపల దాచిన ఫిల్ము రోలు మాత్రం పట్టుకుపోయారు.

"జలాంతర్గామి డ్రాయింగులు. ముప్పయ్యారు ఫ్రేములు," అన్నాడు చీఫ్ గణపతిరావు. ఐస్ ఫ్యాక్టరీ మేడమీద గదిలో, మెడకి మఫ్లర్ చుట్టుకుని కూర్చున్నాడు. ఊళ్లో ఎవరికీ అక్కర్లేని గదిని వెతికి డిపార్ట్‌మెంట్ తన రహస్య స్థావరం చేసుకుంటుంది. అది 1994 జనవరి.

ఎదురుగా ఏజెంట్ 31, ఇంతియాజ్, చేతులు చంకల్లో పెట్టుకుని వింటున్నాడు.

"పోర్టు సీల్ చేశాం. రైళ్లు, బస్సులు, చేపల పడవలు, అన్నీ తనిఖీలో ఉన్నాయి. సముద్రంలో వాళ్ల ట్రాలర్ కాచుకుని ఉంది. ఫిల్ము దాన్ని చేరడానికి ఇంకొక్క దారే మిగిలింది." చీఫ్ వేలు పైకి చూపించాడు.

"విమానమా? ఎక్కణ్ణుంచి సార్?"

"చోడవరం నుంచి."

ఇంతియాజ్ నవ్వాడు. చీఫ్ నవ్వలేదు. ఫైలు ముందుకి తోశాడు.

అబ్దుల్ రహమాన్. చక్కెర ఫ్యాక్టరీలో రిటైరైన ఫిట్టరు. పన్నెండేళ్లుగా సొంత చేతుల్తో రెండు సీట్ల విమానం కట్టుకుంటున్నాడు. ఈమధ్య తహమీనా అనే సినిమా నిర్మాత వచ్చి, షూటింగుకి కావాలంటూ కొరత పడ్డ సామాన్లన్నీ తెచ్చిచ్చింది.

"నిర్మాతా కాదు, పాడూ కాదు. మూడేళ్లుగా ఆమె మన ఏజెంటు. మూడేళ్లుగా వాళ్ల ఏజెంటు కూడా అని మొన్ననే తెలిసింది. విమానం నడపడం నేర్పించింది మనమే."

"మరి అరెస్టు చేసెయ్యచ్చుగా?"

"ఫిల్ము ఎక్కడ దాచిందో తెలీదు. ఎగిరే రోజునే వెంట తెస్తుంది. కానీ ఆ విమానం ఎగరదు, ఇంజను వేడెక్కిపోతుంది. నువ్వు మెకానిక్‌గా వెళ్లి దాన్ని బాగుచెయ్యి. ఆమె వస్తుంది. నేలమీదే పట్టుకో."

"మారుపేరు?"

"వద్దులే. ఉన్న పేరుకే నువ్వు రెండుసార్లు పిలిస్తేగాని పలకవు." చీఫ్ ఒక సిగరెట్ లైటర్ ఇచ్చాడు. "రేడియో. ఇది నొక్కితే అనకాపల్లి నుంచి మన జీపు బయల్దేరుతుంది. అరగంటలో నీ దగ్గరుంటుంది."

* * *

రోలుగుంట వెళ్లే రోడ్డు పక్కన, ఒకప్పుడు బెల్లం వండిన పాక. ఇప్పుడదే హ్యాంగర్. ముక్కు కింద బోల్టులతో బిగించిన పాత జర్మన్ కారు ఇంజను ఉంది, నీళ్లు లేకుండా గాలితోనే చల్లబడే రకం. విమానం తోకని మోకుతో తాటిమొద్దుకి కట్టి, ఇంజను స్టార్ట్ చేశాడు రహమాన్. పొలాలన్నీ అదిరాయి. సరిగ్గా తొమ్మిదో నిమిషంలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటింది. ఇంజను దగ్గి, ఆగిపోయింది.

"సూసేరా బాబూ? పది సూసిందే లేదు," అన్నాడు రహమాన్. మాట్లాడేటప్పుడు ముఖం కాస్త పక్కకి తిప్పి, కంటి చివరినుంచి చూస్తాడు. "నీటికాసులు. డాక్టరుగారు ఇంకో ఏడాదన్నాడు. కళ్లున్నప్పుడే ఓసారి పైనుంచి మన ఊరు సూడాల. తహమీనమ్మ మొదటిసారి నన్నే కూకోబెడతానని మాటిచ్చింది. ఆ మాట మీదే బతుకుతన్నాను."

ఇంతియాజ్ ఆ మాట విననట్టే స్పానర్ అందుకున్నాడు. ఆ సీట్లో ఈ ముసలాయన ఎప్పటికీ కూర్చోలేడని ఆ పాకలో అతనొక్కడికే తెలుసు. ఆ సంగతి అతనికి ఎంతమాత్రం నచ్చలేదు.

ముందు మీటరు అబద్ధం చెబుతోందేమో చూడాలి. పక్క కళ్లంలో మంగాయమ్మ బెల్లం వండుతోంది. మరిగే పానకంలో సెన్సర్ ముంచారు. ఆమె చుక్క పానకం తీసి నీళ్లలో వేసి, వేళ్లతో ఉండకట్టి చూసి, "దింపీవచ్చు," అంది. ముల్లు నూటపద్దెనిమిది దగ్గర నిలబడింది. బెల్లం దింపే వేడి సరిగ్గా అంతే. మీటరు నిజమే చెబుతోంది. వేడీ నిజమే.

రెండో రోజు ఇగ్నిషన్ టైమింగ్ చూశారు, సరిగ్గానే ఉంది. స్పార్క్ ప్లగ్గులు తెల్లగా కాలి ఉంటే, పెట్రోలు చాలడం లేదని కార్బ్యురేటర్‌లో పెద్ద జెట్ వేశారు. పొగ పెరిగింది, వేడి తగ్గలేదు. నాలుగో రోజు ఆయిల్ మార్చారు. ఆరో రోజు బాఫిల్స్ పట్టుకున్నారు. గాలి పక్కదారి పట్టకుండా సిలిండర్ల చుట్టూ కట్టే రేకు అడ్డుగోడలవి. రేకు తప్పిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కలు కుక్కి మూశారు. ఇంజను స్టార్ట్ చేశారు. తొమ్మిదో నిమిషం. ఎర్రగీత.

"ఇదింతే బాబూ," అన్నాడు రహమాన్, నేలమీద కూలబడి. "ఫ్యాక్టరీలో అందరూ సెప్పేరు. ఇనుముకి రెక్కలు రావురా సాయిబూ అని. నాను ఇన్లేదు."

ఏడు రకాల తుపాకులు విప్పి బిగించగల ఇంతియాజ్ ఈ ఒక్క ఇంజను ముందు ఓడిపోయాడు. మిషన్ పోయిందనుకున్నాడు. అంతకన్నా ముసలాయన సంగతే ఎక్కువ బాధపెట్టింది.

చేతులు తుడుచుకుంటూ వచ్చిన మంగాయమ్మ వంగి, విమానం కడుపు కిందకి చూసింది.

"సాయిబు గారూ, ఈ మూతేటి?"

"అదా? మీ కళ్లంలో ఆరబోసిన చెరకు పిప్పి ఎగిరొచ్చి లోనికి పోతంది కదా. ఓపాలి అంటుకుంది కూడాను. అందుకే రేకు బిగించీసేను. ఏడేళ్లయ్యింది."

"ముందునుంచి గాలి వస్తంది. మరి పోడానికి దారేదీ? పొయ్యికి గొట్టం మూసీసి మంట ఎందుకు ఎనక్కి తంతందని ఏడిస్తే ఎలాగ?"

ఇద్దరు మగాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. వారంపాటు ఇంజను పేగులన్నీ తీశారు గాని, ఆ రేకు వంక ఒక్కసారి చూడలేదు. ఏడేళ్లుగా కళ్లెదుట ఉన్నది రహమాన్‌కి విమానంలో భాగమే అయిపోయింది.

నాలుగు నట్లు విప్పితే మూత ఊడి చేతిలోకి వచ్చింది. తోక కట్టి, ఇంజను స్టార్ట్ చేశారు. తొమ్మిదో నిమిషం దాటింది. ఇరవయ్యోది దాటింది. నలభయ్యో నిమిషంలో రహమానే ఆపాడు. ముల్లు ఎర్రగీతకి చాలా కింద, కదలకుండా ఉంది. ఆయన ఇంజను మీద అరచెయ్యి పెట్టి, కాలుతున్నా తియ్యకుండా, చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత తహమీనాకి ఫోను చెయ్యడానికి ఎస్టీడీ బూత్‌కి బయల్దేరాడు.

* * *

తెల్లవారి ఎనిమిదింటికి తెల్లకారు వచ్చింది. నల్లకళ్లద్దాలు, పట్టు స్కార్ఫు, జెండాకర్రలా నిటారు మనిషి. చూస్తే సినిమా తీసే మనిషిలా కాదు, సినిమాలో వేసే మనిషిలా ఉంది. రహమాన్ పండగ జుబ్బా వేసుకుని, అత్తరు రాసుకుని, ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు.

ఆమె స్కార్ఫు ముడిలో, గోలీ అంత చిన్న ఫిల్ము డబ్బా ఇంతియాజ్ కంటపడింది. పాక వెనక్కి నడిచి లైటర్ నొక్కాడు.

"థర్టీవన్. ఫిల్ము ఇక్కడే ఉంది. రండి."

గరగర. తర్వాత జీపులోంచి నీరసమైన గొంతు. "ఆమె వస్తుందని రాత్రే కబురిచ్చారుగా, గంట కిందటే బయల్దేరాం సార్. ముందు చెరకు బళ్లు, వెనక చెరకు ట్రాక్టర్లు. ఫ్యాక్టరీకి లైను కట్టేశాయి. కదలడానికి లేదు. ఓవర్."

క్రషింగ్ సీజన్ సంగతి చీఫ్ ప్లానులో ఎక్కడా లేదు.

"ఓవర్," అంది తహమీనా, వెనకనుంచి. పిస్తోలు గొట్టం అతని వీపుకి తగిలింది. "గుడ్ మార్నింగ్, థర్టీవన్. మీ చీఫ్ దగ్గర టైపు కొట్టే మనిషి నాక్కూడా ఒక కాపీ కొడతాడు."

తోక కట్టే మోకుతోనే అతన్ని తాటిమొద్దుకి కట్టించింది. కట్టింది రహమానే.

"చాచా, ఆమె దగ్గరున్నది మన జలాంతర్గామి గుట్టు," అన్నాడు ఇంతియాజ్. "అది సముద్రం దాటితే, నీళ్ల కింద మనవాళ్లు బతకరు."

పిస్తోలు అతని దవడ మీద పడింది. "రహమాన్, విమానం పంకా తిప్పు. తిప్పకపోతే ముందు ఇతన్ని కాలుస్తాను, తర్వాత నేనే తిప్పుకుంటాను."

"మరి నన్ను కూకోబెడతానన్నావు కదమ్మా?" అన్నాడు రహమాన్.

ఆమె రెండో సీట్లో పెట్రోలు డబ్బా పెట్టి, బెల్టు బిగించింది.

రహమాన్ ఆ డబ్బా వంక చూశాడు. ఇంతియాజ్ నోటినుంచి కారుతున్న నెత్తురు చూశాడు. మెల్లిగా పాకలోకి వెళ్లి, రేకు మూతా నాలుగు నట్లూ పట్టుకుని వచ్చాడు.

"అదేంటి?"

"కళ్లంలో పిప్పి ఎగురుతంది సూడమ్మా. లోనికి పోయిందంటే ఇంజను అంటుకుంటాది. ఎప్పుడూ ఉండే మూతే."

ఆమె వాచీ చూసుకుంది. "తొందరగా."

ముసలాయన వెల్లకిలా పడుకుని, పండగ జుబ్బాకి మట్టంటుకుంటుంటే, నాలుగు నట్లూ ఒక్కొక్కటే బిగించాడు. తొందరపడలేదు. ఏ నట్టూ వదులుగా వదల్లేదు. లేచి పంకా తిప్పాడు.

పన్నెండేళ్ల విమానం పాక వెనక బీడు మీద పరుగెత్తింది, ఎగిరింది. నిజంగానే ఎగిరింది. రహమాన్ మెడ సాచి వెతికాడు గాని ఆయన కంటికి అది వెంటనే మబ్బులో కలిసిపోయింది. శబ్దం మాత్రం వింటూ, తడుముకుంటూ వచ్చి ఇంతియాజ్ కట్లు విప్పాడు. ఇంతియాజ్ వాచీ చూస్తున్నాడు. ఆరు. ఏడు. తొమ్మిది. ఇంజను ఇంకా మోగుతూనే ఉంది. పది. అంతా అయిపోయిందనుకున్నాడు.

దూరంగా శబ్దం దగ్గింది. ఆగింది.

గాల్లో ముల్లు ఎర్రగీత దాటినా తహమీనా వెనక్కి తిప్పలేదు. వెనక్కి వస్తే పోలీసులు, ముందుకెళ్తే సముద్రం. రెండూ కాక చెరకు తోటలో దిగింది. ఆ పక్క రోడ్డు మీదే, గంటకి పైగా కదలని జీపులో మన పోలీసులు కూర్చుని ఉన్నారు. వాళ్లు ఎక్కడికీ వెళ్లనక్కర్లేకపోయింది. నడుచుకుంటూ వెళ్లి, విరిగిన కాలితో పాకుతున్న ఆమెని పట్టుకున్నారు. ఫిల్ము స్కార్ఫు ముడిలోనే ఉంది. విమానం మాత్రం తోటతోపాటు కాలిపోయింది.

మర్నాడు చీఫ్ రిపోర్టు రాయించాడు. మూత సంగతి రహస్యమట. విమానం కూలడానికి కారణం: నిర్మాణ లోపం. దానికి తోడు, లైసెన్సు లేని విమానం తయారుచేసినందుకు రహమాన్ మీద వేరే డిపార్ట్‌మెంటు కేసు. ఇంతియాజ్ వాదించాడు, అరిచాడు. చీఫ్ మఫ్లర్ సర్దుకున్నాడు.

సాయంత్రం ఖాళీ పాకలో రహమాన్‌కి అంతా దాచకుండా చెప్పి, సిగ్గుతో తల దించుకున్నాడు ఇంతియాజ్. ముసలాయన కేసు గురించి అడగలేదు.

"ఎంతసేపు ఎగిరింది బాబూ?"

"పదకొండు నిమిషాలు చాచా."

"మూత బిగించినా పదకొండా?" ఆయన ముఖం పక్కకి తిప్పి, కంటి చివరినుంచి అతన్ని చూశాడు. "అయితే పైకెళ్లేక, ఎదురుగాలికి మనం కుక్కిన ట్యూబు ముక్కలు పనిచేసేయి. కారణం మీకు నచ్చినట్టు రాసుకోండి బాబూ. నిమిషాలు మాత్రం సరిగ్గా రాయండి."